మేస్త్రి దిగితే ఆగే పొగ

టీ చల్లారేలోపు అయిపోయే పని అన్నాడు ల్యాంపు మేస్త్రి. చొక్కా జేబులో ఎప్పుడూ కరెంటు చూసే టెస్టు ల్యాంపు ఉంటుంది గనుక ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు. నలభై ఏళ్ళుగా బండ్లకు వైరింగు చేశాడు. చేసిన వైరు ఒక్కటీ మరమ్మతుకు తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయన చెప్పడు. ఎదుటివాళ్ళు చెప్పేదాకా కూర్చుంటాడు.

కూతురు సొంతంగా లాండ్రీ పెట్టుకుంది. కొండమీది ఆసుపత్రివాళ్ళు, ఈరోజు పదింటికల్లా రెండువందల దుప్పట్లు మల్లెపూవుల్లా తెచ్చిస్తే ఏడాదంతా పని ఆమెకే అన్నారు. ఆమె పాత వ్యానేమో బరువుతో కొండ ఎక్కలేదు. అందుకని అల్లుడు ఇంజనుకు బలం పెంచే టర్బో తెచ్చి, చోటు లేక బాగా కిందికి బిగించాడు. అంత కిందినుంచి ఆయిలు దానంతటది ఇంజనులోకి తిరిగి రాదు. అక్కడే నిలిస్తే కాలి పొగవుతుంది. తోడిపోయడానికి ఓ చిన్న మోటారు పెట్టారు. దానికి వైరు కలపడమే మేస్త్రి పని.

"డ్యాష్‌బోర్డు విప్పమంటారా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"వైరు కోసం ఇల్లు పీకక్కర్లేదు అల్లుడుగారూ," అంటూ మేస్త్రి వ్యాను కిందికి దూరాడు. చట్రం వెంట వెనక్కి పోయే వైర్లలో, తాళం తిప్పితే కరెంటు వచ్చేది ఒకటి దొరికితే చాలు. డ్రైవరు సీట్లో భార్యను కూర్చోబెట్టాడు. ఆవిడకు బండి నడపడం రాదు.

"తాళం తిప్పు."

"తిప్పానండీ."

ఒక వైరు దగ్గర ల్యాంపు వెలిగింది. ఆపమంటే ఆరింది. మళ్ళీ తిప్పమంటే వెలిగింది. వైరు కలిపాడు. మోటారు గుయ్‌మంది. టీ ఇంకా వెచ్చగానే ఉంది.

తొలి బేరం కదా అని అందరూ బయలుదేరారు. ముందు మామా అల్లుళ్ళు, వెనక దుప్పట్ల మూటల మధ్య తల్లీకూతుళ్ళు. కొండ రెండో మలుపు తిరిగారో లేదో, వ్యాను వెనక తెల్లటి పొగ గుప్పుమంది. అల్లుడు బ్రేకు తొక్కి ఆపాడు. హ్యాండుబ్రేకు సరిగా పట్టదు గనుక కాలు తియ్యలేదు. మేస్త్రి దిగి వెనక్కి వెళ్ళేసరికి పొగ పల్చబడి పోయింది. కింద మోటారు చక్కగా తిరుగుతోంది.

"నా మోటారు బంగారం. మీ బిగింపు చూసుకోండి."

"బిగింపులో తేడా ఉంటే ఇప్పుడూ పొగ రావాలిగా మామయ్యా!"

కదిలారు. పొగ. ఆపారు, మేస్త్రి దిగాడు, పొగ లేదు. మూడోసారికి మేస్త్రికి తనమీద తనకే గౌరవం పెరిగింది.

"చూశారా? నేను కాలు కింద పెడితే దానికి హడల్."

"అయితే ఆసుపత్రి దాకా మీరు నడిచే రండి," అన్నాడు అల్లుడు.

ఇంతలో వెనక కారువాళ్ళెవరో ఫోను చేసినట్టున్నారు, గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చి ఆగింది. ఇద్దరు పైపు విప్పి వ్యాను వెనక తలుపు తీశారు. కూతురు ఒక్క దూకున దిగి పైపుకు అడ్డం నిలబడింది.

"నీళ్ళు కొట్టారంటే నా ఏడాది తిండి కొట్టినట్టే! లోపలున్నవి ఉతికిన దుప్పట్లు! ఒక్క నిమిషం ఆగండి."

టైరు కింద రాయి పెట్టి భర్తను కేకేసింది. "ఏమండీ, బ్రేకు మీద కాలు తియ్యండి."

కాసేపటికి పొగ లేచింది.

"ఇప్పుడు తొక్కండి." పొగ తగ్గింది.

"వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నా నాన్నా. ఎర్ర లైటు వెలిగితే పొగ పోతోంది. నువ్వు కలిపింది బ్రేకు లైటు వైరు, బ్రేకు తొక్కితేనే మోటారు తిరుగుతోంది."

"తాళం తిప్పితేనేగా ల్యాంపు వెలిగింది?"

"ఈ బండికి బ్రేకు లైటూ తాళం తిప్పితేనే వెలుగుతుంది."

"మరి బ్రేకెవడు తొక్కాడే?"

"నేనే," అంది మూటల మధ్యనుంచి భార్య. "మీరు కింద పడుకొని ఉంటిరి. బండి కదిలితే నా గతేం కాను? రెండు కాళ్ళతోనూ తొక్కిపట్టా."

"తొక్కమన్నానా?"

"వద్దన్నారా?"

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు. ల్యాంపు తీసి కూతురి చేతిలో పెట్టి, తాను డ్రైవరు సీట్లో రెండు కాళ్ళూ పైకి ముడుచుకు కూర్చున్నాడు. ఆమె కిందికి దూరి, అసలు వైరు పట్టి కలిపి, పది నిమిషాల్లో చేతులు తుడుచుకుంది.

వ్యాను ఉఫ్ అనకుండా కొండెక్కింది. ఎందుకైనా మంచిదని ఫైరింజనూ వెంట వచ్చింది. పదికి అయిదు నిమిషాలుందనగా మూటలు దిగాయి. ఆసుపత్రి పెద్దనర్సు నాలుగు దుప్పట్లు విప్పి, వెలుతురుకు పట్టి చూసి, "రేపటినుంచి రండమ్మా," అంది. వైరు కనిపెట్టింది తన కూతురేనని మేస్త్రి గేటు కాపలావాడికి రెండుసార్లు, అడగని డాక్టరుకు ఒకసారి చెప్పాడు.

ఫైరింజను అధికారి కాగితం పట్టుకొని వచ్చాడు. "పెద్దాయనా, మంట లేకపోయినా మేం రాసుకోవాలి. పొగకు కారణం ఏమని రాయను?"

మేస్త్రి నిటారుగా నిలబడ్డాడు. "మా ఆవిడ నా ప్రాణం కాపాడబోయిందని రాయండి."

కాగితంలో ఆ గడి చాలా చిన్నది. అధికారి 'వైరింగు లోపం' అని రాసుకున్నాడు.