వంశపారంపర్య దద్దుర్ల వల్ల లాభాలు

దద్దుర్లు వస్తే బాధపడకండి. అవి వంశపారంపర్యమని ఎవరైనా అంటే మరీ సంతోషించండి. ఇంటిల్లిపాదికీ పని దొరుకుతుంది, యజమానికి పని తప్పుతుంది. ఇంతకంటే ఉపకారం ఏ జబ్బు చేస్తుంది?

రెడీమేడ్ బట్టలు కుట్టే వర్క్‌షాపులో గుడ్డ కత్తిరించే ఒకావిడ సంగతే తీసుకోండి. ఎండ తగిలితే గుడ్డ వెలిసిపోతుందని ఆ గది కిటికీలకు దళసరి కాగితం అంటించారు. ఆవిడ తెల్లారకముందే లోపలికి వెళ్తుంది, చీకటి పడ్డాక బయటికొస్తుంది. గుడ్డ వెలవలేదు. ఆవిడ చేతుల నిండా మాత్రం దద్దుర్లు లేచాయి. నెలలు గడిచినా పోలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. "విటమిన్ డి బాగా తక్కువుందమ్మా. దద్దుర్లకు అదే కారణమని మాత్రం చెప్పలేను. జన్యువుల పాత్ర కూడా ఉండొచ్చు. మాత్రలు రాస్తాను. మధ్యాహ్నం కాసేపు ఎండలో ఉండు."

ఇన్ని మాటల్లో ఇంటికి చేరింది ఒక్కటే: జన్యువులు.

"మా వైపు గోక్కున్న మనిషిని నేనెరగను," అంది అత్తగారు.

"మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ దోమ కుట్టినా దద్దురు లేచేది కాదు వదినగారూ. ఆ జన్యువులేవో మీ గడప తొక్కాకే అంటుకున్నాయి," అంది తల్లి.

కోడలి జన్యువులతో తనకు సంబంధం లేదని తట్టక, అత్తగారు తన మామగారి వీపు ఎంత నున్నగా ఉండేదో వర్ణించింది. ఏళ్లుగా పలకరింపుల్లేని వియ్యపురాళ్లు ఇప్పుడు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. లాభం కాదూ?

ఆవిడ డాక్టరమ్మ చెప్పిందంతా యజమానికి చెప్పింది. "మధ్యాహ్నం అరగంట మేడ మీదికి వెళ్లొస్తాను బాబాయ్."

"జన్యువులమ్మా తల్లీ! మీవాళ్లిచ్చిన దానికి నా మేడేం చేస్తుంది?" అన్నాడాయన జాలిగా.

జన్యువులు ఎంత బుద్ధిమంతులో చూడండి. నింద మోస్తాయి, అరగంట సెలవు అడగవు.

ఆ వారంలోనే, మోచేతి దురద ఆపుకోలేక ఆవిడ మెలితిరిగింది. కత్తెర జారింది. హోటలు యూనిఫారాల గుడ్డ అడ్డంగా తెగింది.

యజమాని పరుగున వచ్చాడు. ఆవిడ చేతుల్ని ఇన్ని నెలల్లో ఒక్కసారీ చూడని మనిషి, ఆ గుడ్డను ట్యూబ్‌లైటు కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మేడ తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"రోజూ వెళ్లమ్మా. ఇవాళ్టి నుంచే."

ఈసారి వంశం ఊసెత్తలేదు. గుడ్డకు తాతముత్తాతలుండరు కదా, వాళ్ల మీదికి నెట్టడానికి.