రెండేసి కుట్లు

ఆ ఆదివారం అల్లుడుగారు పెట్టుకున్నవి మూడే పనులు. పేపరు చదవడం, గడ్డం గీసుకోవడం, మావయ్యగారి పవర్ కైట్‌ని డాబా మీద ఎండబెట్టడం. కిందటి నెల, మనిషినే ఈడ్చుకుపోయే ఆ పెద్ద గుడ్డ గాలిపటం లాగిన లాగుడుకు మావయ్యగారి భుజం పట్టేసింది. ఇవాళ డాక్టరుకు చూపించుకుని, సాయంత్రం మైదానంలో స్నేహితులందరి ముందూ ఎగరేస్తానని చాటింపు వేసి మరీ బయల్దేరారు. "ఎండలో పెట్టండి చాలు. ఎగరేసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి" అన్నారు. కూతురి తర్వాత ఆయన నమ్మి అల్లుడి చేతిలో పెట్టింది దాన్నే.

ఆయన అనకపోతే ఆ ఆలోచనే వచ్చేది కాదు పాపం. దాని తాళ్ళ చివరి పిడులు రెండూ ఊరికే పట్టుకుని చూశాడో లేదో, ముందంచున వరసగా ఉన్న నోళ్ళతో గాలి మింగి, గాలిపటం పరుపులా ఉబ్బింది. అతన్ని పిట్టగోడ దాకా ఈడ్చింది. కిందికి చూసేసరికి పెళ్ళాం గుర్తొచ్చి, పిడులు వదిలేశాడు. అది పక్కింటి డాబా మీదికి దూకి, లెక్చరరుగారి బట్టలతీగ తెంపి, నీళ్ళ ట్యాంకుకు తగిలి జానెడు చిరిగింది.

"నా ప్యాంట్లండీ!" అంటూ లెక్చరరుగారు తువ్వాలుతోనే మేడెక్కారు.

అల్లుడుగారు గాలిపటాన్నీ, దానికి చుట్టుకున్న ప్యాంట్లనూ చంకన పెట్టుకుని అత్తగారి కుట్టుమిషను ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, నా పరువు మీ చేతుల్లో ఉంది. ఆయనొచ్చేలోపు కుట్టెయ్యాలి."

"ఎక్కడ కుట్టాలి బాబూ?"

"కన్నం ఎక్కడ కనబడితే అక్కడ కుట్టెయ్యండి. నేను ఈ ప్యాంట్లిచ్చేసి వస్తా."

ఆరు ప్యాంట్లకు ఆరుసార్లు క్షమాపణ చెప్పి వచ్చేసరికి పని పూర్తయింది.

"ఒకటి కాదు బాబూ, ఇరవై ఒక్క కన్నాలున్నాయి. అన్నీ మూసేశాను" అంది అత్తగారు చల్లగా.

"అయ్యో! అవి గాలి లోపలికి పోయే నోళ్ళండీ!"

"నాకేం తెలుసు నాయనా?"

అతను కత్తెర కోసం ఇల్లంతా గాలించాడు. ఎప్పుడూ మిషను మీదే ఉండే కత్తెర ఇవాళ లేదు. ఇంతలో మావయ్యగారు రానే వచ్చారు. వస్తూనే గాలిపటాన్ని సంచీలో పెట్టుకున్నారు, సాయంత్రం దాకా ఆ సంచీ ఒళ్ళోంచి దించలేదు.

మైదానంలో గాలి ఈడ్చి కొడుతోంది. స్నేహితులు దూరంగా బెంచీల మీద సర్దుకున్నారు. గాలిపటం పరుస్తున్న మావయ్యగారి చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

అల్లుడుగారు ముందుకు ఉరికాడు. "నేనే మావయ్యగారూ! నేనే ఎగరేశాను, నేనే చింపాను, నేనే కుట్టాను!"

"ముప్పై ఏళ్ళుగా నా చొక్కాల మీదున్న కుట్టు నాకు తెలియదా?" ఆయన అంచు తడిమి చూశారు. "చిరుగుకి ఒక్క కుట్టు. నోళ్ళకి రెండేసి. ఆవిడ పొరపాటున దారం దుబారా చేసే మనిషి కాదండీ."

ఇక తిట్లే అనుకుని అల్లుడుగారు కళ్ళు మూసుకున్నాడు. చెవిలో గుసగుస వినిపించింది.

"డాక్టరు ఇంకో రెండు నెలలు ముట్టుకోవద్దన్నాడు. ఇంతమందికి చెప్పుకుని, ఇప్పుడెలా తప్పించుకోవాలా అని పొద్దుటినుంచి చస్తున్నాను. బతికించారు ఇద్దరూ!" ఆ వెంటనే ఆయన బెంచీల వైపు తిరిగి గొంతెత్తారు. "గాలి లేదర్రా! ఇంకోసారి చూద్దాం!"

ఇంటికి చేరేసరికి అత్తగారు పెరట్లో బట్టలు తీస్తోంది. మిషను మీదికి కత్తెర వచ్చేసింది.

"ఎగిరిందా?"

"ఎక్కడే? గాలే లేదు" అన్నారు మావయ్యగారు. తీగ మీది దుప్పటి రివ్వున లేచి ఆయన మొహానికి చుట్టుకుంది.

"అవును, ఆకైనా కదలడం లేదు" అంటూ ఆవిడ దుప్పటి విప్పి ఆయన్ని బయటికి తీసింది.