నెలనెలా నయమయ్యే చేతులు

నిజామాబాద్ జిల్లాలో దరఖాస్తు లేకుండా, సిఫారసు లేకుండా, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా గడపగడపకూ చేరిన పథకం ఒక్కటే ఉంది. దాని పేరు తామర. బోధన్ చెరకు తోటల నుంచి బాల్కొండ హైవే దాబాల దాకా, పోచంపాడ్ చేపల వాళ్ల నుంచి జక్రాన్‌పల్లి పసుపు రైతుల దాకా అది ఎవరినీ చిన్నచూపు చూడలేదు. కులం అడగలేదు, రేషన్ కార్డు రంగు చూడలేదు. ఇంట్లో ఒకరికి మంజూరైతే చాలు, మిగతావాళ్లకు తువాలు ద్వారా దానంతటదే బదిలీ అవుతుంది. (మన జిల్లాలో పైరవీ లేకుండా జరిగే బదిలీ ఇదొక్కటే.)

శాస్త్రజ్ఞులు దీన్ని శిలీంధ్రం అంటారు, మనం ఫంగస్ అంటాం, సరిహద్దు అవతలి నుంచి సంతకు వచ్చే మరాఠీ వాళ్లు గజకర్ణ అంటారు. పేరు ఏదైనా దాని పరిపాలన మూడు శాఖలుగా నడుస్తుంది: చర్మం, వెంట్రుక, గోరు. ఒంట్లో ప్రాణమున్న భాగం జోలికి అది పెద్దగా పోదు. పైనున్న చచ్చిన పొరను పట్టుకుని, అక్కడే తిని, అక్కడే పెరిగి, గుండ్రంగా చుట్టుపక్కలకు విస్తరిస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు కొన్ని ఆఫీసులు గుర్తొచ్చాయి. పేర్లు రాయను, రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి.

ఇంత పెద్ద పథకానికి వైద్యం కూడా అంతే చేరువలో ఉంది. మా గల్లీ మూల మీద ధనుంజయ్ మెడికల్ షాపు. ధనుంజయ్ డాక్టర్ కాడు. డాక్టర్నని అతనెప్పుడూ చెప్పుకోలేదు, మనమే ఒప్పుకున్నాం. మనిషి మెట్టెక్కి, మొహం కాస్త పక్కకు తిప్పి, చెయ్యి తొడ వైపు దించితే చాలు, అతను వెనక్కి తిరిగి ట్యూబు తీస్తాడు. మగవాళ్లకు అట్లాగే చేతికిస్తాడు, ఆడవాళ్లకు పేపర్లో చుట్టి ఇస్తాడు. ఆ ట్యూబులో ఫంగస్‌ను చంపే మందు పేరుకు ఉంటుంది, దురద నోరు నొక్కే స్టెరాయిడ్ దండిగా ఉంటుంది. పూసిన రెండు మూడు రోజులకు మచ్చ కనబడదు. పూయడం ఆపిన వారం పది రోజులకు అదే మచ్చ సకుటుంబ సపరివార సమేతంగా తిరిగొస్తుంది. అప్పుడు ఇంకో ట్యూబు తెచ్చుకుంటాం. మన చర్మం పల్చబడుతూ ఉంటుంది, ధనుంజయ్ ఇల్లు మీదికి లేస్తూ ఉంటుంది.

మా గల్లీలోనే భాగ్యలక్ష్మి అక్క బీడీలు చేస్తుంది. తునికాకును నీళ్లలో తడిపి, తడిబట్టలో చుట్టిపెట్టి, మెత్తబడ్డాక కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, బొటనవేలి గోరుతో బీడీ మూతి మలుస్తుంది. అంటే ఆమె చేతులు పొద్దంతా తడిలోనే ఉంటాయి. ఫంగస్‌కు ఇంతకన్నా మంచి క్వార్టర్ ఏ సర్కారూ కట్టివ్వలేదు. ఆమె మణికట్ల మీద ఉంగరాల్లాంటి మచ్చలు, వేళ్ల సందుల్లో పొట్టు. కుడి బొటనవేలి గోరు పసుపుపచ్చగా, మందంగా తేలింది. అయినా ఆమె దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

"దాని పని అది చేస్తది, నా పని నేను చేస్తున్న తమ్మీ" అనేది.

ఆ పని మీదే ఇల్లు నడుస్తోంది. భర్త రాజనర్సు నడుము పట్టేసి చాలా కాలంగా మంచం మీదున్నాడు. బియ్యమైనా, అతని గోలీలైనా, బిడ్డ కాలేజీ బస్సు పాసైనా ఆ చేతుల్లోంచే రావాలి.

ఇట్లా ఉండగా ఎక్కడో ఒక పెద్ద బీడీల వ్యాపారి, బీడీలు చుట్టే చేతుల వీడియో ఒకటి ఫోన్లో చూసి జడుసుకున్నాడట. వెంటనే పైనుంచి ఉత్తర్వు దిగింది. చేతుల మీద మచ్చలున్న కార్మికులు "కరశుద్ధి పత్రం" తెస్తేనే ఆకు, తంబాకు ఇవ్వవలెను. కారణం: బీడీ తాగేవారి ఆరోగ్య పరిరక్షణ. (నవ్వకండి. ఉత్తర్వులో అట్లాగే ఉంది.)

ఆకు, తంబాకు పంచే టేకేదారు రాజేశ్వర్ ఈ సంగతి చెప్పేసరికి అక్క తెల్లబోయింది.

"ఇన్నేండ్ల సంది గివే చేతులతోని చేస్తున్న గద రాజేశ్వరన్నా!"

"నాదేమున్నదక్కా, పైకెల్లి ఆర్డర్ అచ్చింది. పత్రం తే, ఆకు తీస్కపో" అన్నాడు అతను. అతని చేయి మాట్లాడుతూనే మెడ వెనక గోక్కుంటోంది. కానీ టేకేదార్లకు పత్రం అక్కర్లేదట.

కరశుద్ధి పత్రం ఇచ్చే సర్కారు సెల్ బోధన్‌లో, ఒకప్పటి చెరకు కాటా షెడ్డులో ఉంది. నేను పేపరుకు రాస్తాను కాబట్టి నాకు ఆఫీసు భాష తెలుసని అక్కకు నమ్మకం. అందుకని నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆ నమ్మకం సెల్ గుమ్మంలోనే పోయింది. గోడ మీద నిబంధనల బోర్డు ఉంది. రోగి వచ్చినంత మాత్రాన సరిపోదు, రోగం కూడా స్వయంగా హాజరు కావలెను. రోగం తరఫున బంధువులు హాజరైతే చెల్లదు. పరిశీలనకు ముందు ప్రతి ఒక్కరూ చేతులు కడుక్కుని, కొళాయి పక్కన వేలాడుతున్న తువాలుతో తుడుచుకోవలెను. తువాలు ఒక్కటే. అది పొద్దటి నుంచీ తడిగానే ఉంది. (సెల్‌కు రోగం లేకుండా వచ్చినవాళ్లు ఉత్త చేతులతో తిరిగిపోకూడదనే ఉద్దేశం కావచ్చు. నేనూ తుడుచుకున్నాను. నా వాటా నాకూ ముట్టింది.)

లోపల పరమేశ్వర్ గారు కూర్చున్నారు. చర్మ పరిశీలనాధికారి, వెంట్రుకలు అదనపు బాధ్యత. టార్చిలైటు వేసి అక్క చేతులు అటూ ఇటూ తిప్పించారు, తను మాత్రం ముట్టుకోలేదు.

"ఏదమ్మా రోగం?"

అక్క చేతులు నున్నగా ఉన్నాయి. ఇక్కడ ఆమె చేసిన పొరపాటు చెప్పాలి. పెద్దమనుషుల దగ్గరికి పోయేటప్పుడు మనవాళ్లు తలకు పోసుకుంటారు, ఉతికిన చీర కట్టుకుంటారు. అక్క ఇంకో అడుగు ముందుకేసి, వారం ముందు నుంచే ధనుంజయ్ ట్యూబును పొద్దూమాపూ దండిగా పట్టించింది. సారు ముందర గలీజు చేతులు పెట్టడానికి ఆమెకు సిగ్గేసింది.

"ఉండె సారూ. మొన్నటిదాక గింతింత ఉండె. గిప్పుడు పోయింది. పోయినట్టు పత్రం ఇయ్యుండ్రి" అంది.

"ఉన్నట్టు రికార్డే లేని రోగం, పోయినట్టు ఎట్ల రాస్తమమ్మా? ముందుగాల ఉండాలె, అటెన్క పోవాలె. దేనికైనా ఒక పద్ధతుంటది."

"సార్, ట్యూబు పూసుకుంది కాబట్టి పైకి కనబడటం లేదు, లోపల ఉంది" అన్నాను నేను.

"లోపలున్నది మాకు రాదండి. మాది చర్మం" అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా.

అక్క బొటనవేలు ముందుకు చాపింది. "గీ గోరన్న సూడుండ్రి సారూ."

"గోళ్ల సెక్షన్ ఖాళీగున్నది. ఆర్డర్ రాంగనే పోస్టు నింపుతరు" అని ఆయన టార్చి ఆర్పేశారు. మేము మళ్లీ బస్సెక్కాం.

ఇంటికొచ్చాక అక్క ట్యూబు పక్కన పెట్టింది. ఇంటిల్లిపాదీ రోగం కోసం చుట్టం కోసం చూసినట్టు ఎదురుచూశారు. అది రానే వచ్చింది. మణికట్టు దాటి మోచేతి దాకా ఎర్రగా, అంచులు కట్టుకుని, మండుతూ వచ్చింది. రాత్రుళ్లు నిద్ర లేక అక్క గోడకు చేతులు రాసుకునేదట. మళ్లీ పరిశీలనకు తేదీ ఇవ్వాలంటే ముందు సెల్ వాళ్ల యాప్‌లో మచ్చ ఫోటో పెట్టాలి. పెట్టాం. "వృత్తం అసంపూర్ణంగా ఉన్నది" అంది యాప్. ఇంకో మచ్చ ఫోటో పెట్టాం. "దయచేసి నవ్వకండి" అంది. అది మోచెయ్యి. చివరికి పక్కింటి హన్మవ్వ వీపు మీది మచ్చ ఫోటో పెడితే ఒక్కసారికే ఒప్పుకుంది.

రెండోసారి పోయినప్పుడు పరమేశ్వర్ గారి మొహం వెలిగిపోయింది. "గిప్పుడు మంచిగున్నదమ్మా! గిట్ల తేవాలె" అన్నారు. అక్క పేరు రోగుల రికార్డులోకి ఎక్కింది. ఎక్కిన మరుక్షణం టేకేదారు ఫోనుకు మెసేజ్ పోయింది. అప్పటిదాకా జాలిపడి దొంగచాటుగా కాసిన్ని ఆకులు ఇస్తున్న రాజేశ్వర్, "గిప్పుడు సర్కారే చెప్పినంక నేనెట్లియ్యాలె అక్కా?" అని అవీ ఆపేశాడు.

నాకు తిక్కరేగింది. అక్కను నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చేతులు పట్టుకుని చూసింది. (ఇన్ని రోజుల్లో అక్క చేతులు పట్టుకున్న మొదటి మనిషి.) చూసి, నన్ను కూడా కలిపి తిట్టింది.

"ఆ ట్యూబును చెత్తల పారెయ్యమ్మా. మచ్చను దాస్తది, చంపది. నేనిచ్చే గోలీలు, మందు మచ్చలు పోయినంక సుత ఆపొద్దు. చర్మానికి ఒకటి రెండు నెల్లు, గోరుకు ఇంకా ఎక్కువ. ఇంట్ల ఎవరికున్నా అందరికీ ఒక్కసారే వైద్యం కావాలె. తువాల్లు వేరు, బట్టలు ఎండల ఆరాలె. చేతులు పొడిగ ఉండాలె."

అక్క అన్నీ విని తలూపింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఆకు తడుపకుంటే పగులుతది డాక్టరమ్మా. పొడి చేతులతోని బీడీ ఎట్లయితది?"

డాక్టరమ్మ చీటీ రాస్తున్న పెన్ను ఆపింది. ఆ రెండు నెలలన్నా పని బంద్ చెయ్యగలవా అని అడిగింది. అక్క నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా బతిమాలాను. ట్యూబు జోలికి పోవద్దక్కా, గోలీలు మింగు, తొందరలోనే తగ్గుతుంది అన్నాను. అక్కకు కోపమొచ్చింది.

"నువ్వు మంచిగనే చెప్తున్నవు తమ్మీ. రెండు నెల్లు నా చేతులు ఉత్తగుంటే నా ఇంట్ల ఎవ్వలు తినాలె? ట్యూబు పూస్తే నాల్గు దినాలల్ల పత్రమస్తది. పత్రమస్తె ఆకస్తది. నీ డాక్టరమ్మ గోలీకి రాజేశ్వరన్న ఆకిస్తడా?"

ఇవ్వడు. నాకు తెలుసు. జిల్లాలో మాయం చేసే మందుకు పత్రం ఉంది, నయం చేసే మందుకు లేదు. అక్క ధనుంజయ్ షాపు మెట్టెక్కింది.

మూడోసారి పరమేశ్వర్ గారు టార్చి వేశారు, మచ్చ కనబడలేదు, సంతకం పెట్టారు. "సంపూర్ణంగా నయమైనది." ఆకు వచ్చింది, తంబాకు వచ్చింది. అయితే పత్రం నెలాఖరు దాకానే చెల్లుతుంది. దాన్ని పొడిగించమని అడిగితే, ఒకసారి నయమైనవారు మళ్లీ నయం కావడానికి వీల్లేదని, ముందు మళ్లీ రోగి కావాలని చెప్పారు. అందుకని అక్క ప్రతి నెలా కొన్నాళ్లు ట్యూబు ఆపుతుంది, రోగాన్ని రప్పిస్తుంది, బోధన్ తీసుకుపోయి చూపిస్తుంది, మళ్లీ పూస్తుంది, మళ్లీ నయమవుతుంది. గల్లీలో ఆడవాళ్లంతా ఇదే దారి పట్టారు. వంతులవారీగా, ఒకే బస్సులో పోయి, ఒకే తువాలుతో తుడుచుకుని వస్తున్నారు.

దీనివల్ల సెల్‌కు మంచి పేరొచ్చింది. వాళ్ల లెక్కలో ప్రతి నయం ఒక కొత్త మనిషి. ఏడాది తిరిగేసరికి మా గల్లీలో ఉన్న జనం కంటే నయమైన జనం ఎక్కువగా తేలారు. తామరను ఇంత వేగంగా తరిమిన జిల్లా ఇంకోటి లేదని పైవాళ్లు మెచ్చుకున్నారు. నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని అభినందన సభ పెట్టారు. అభినందించడానికి ఒక లబ్ధిదారు కావాలి కదా, భాగ్యలక్ష్మి అక్కను పిలిచారు. ఆ రోజు పని పోతుందని ఆమె రానంది. రాకపోతే వచ్చే నెల పత్రం కష్టమని కబురొచ్చాక ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

స్టేజీ పక్కన నిలబడి ఆమె నాకు కుడి చెయ్యి చూపించింది. తోలు ఉల్లిపొరలా పల్చబడి, లోపలి నరాలు కనిపిస్తున్నాయి. బొటనవేలి గోరు ఒక పక్క నుంచి లేచి ఊగుతోంది.

"గోరు ఊడేటట్టున్నది తమ్మీ. గిది పోతే బీడీ మూతి దేనితోని మలవాలె నేను?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. అంతలో మైకులో ఆమె పేరు వినబడింది.

ఈ ఏడాది జిల్లాలో అందరికంటే ఎక్కువసార్లు సంపూర్ణంగా నయమైన మహిళ అని పరిచయం చేశారు. చప్పట్లు మోగాయి. పరమేశ్వర్ గారే స్వయంగా లేచి, ఆమె చేతులు పరిశుద్ధమైనవని మరోసారి సభకు హామీ ఇచ్చి, శాలువా కప్పారు. దాని రెండు కొసలూ వేళ్ల చివర్లతో పట్టుకుని, ఆమె చెయ్యి ఎక్కడా తగలకుండా, చాలా నేర్పుగా కప్పారు.