అడితి కింది ఇల్లు

డ్రాయింగు మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు స్కేలు మాస్టారు. స్కేలు లేకుండా ఆయన పాపిడి కూడా తీసుకోరని వాళ్ళ నమ్మకం. రిటైరయ్యాక కసరడానికి పిల్లలూ, దిద్దడానికి గీతలూ లేక ఆయనకు ఇల్లంతా ఇరుకైపోయింది. అప్పుడే సొంత ఊరివాళ్ళ సంఘం, పుట్టిన వీధి మీద బొమ్మల ప్రదర్శన పెడుతున్నామని కబురంపింది.

ఆయన వెనక గదిలో గడియ పెట్టుకుని, బీరువాకి రంగేస్తున్నానని భార్యతో చెప్పారు. ఆవిడదీ అదే వీధి. చూసిందంటే కిటికీ ఊచల దగ్గర్నుంచి తప్పులు పడుతుందని భయం.

"బీరువాకి నెల రోజులు రంగేస్తారా?" అని ఆవిడ తలుపవతలి నుంచి అడిగింది.

"రెండు పూతలు వేస్తున్నా."

"బీరువా హాల్లో ఉందండీ. ఇప్పుడే అందులోంచి దుప్పటి తీశాను."

తలుపు తీయక తప్పలేదు.

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, బొమ్మను ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. సగం వీధిని మాస్టారి తండ్రిగారి కలప అడితే మింగేసింది. దాని ముందు నిక్కరేసుకుని చిన్నప్పటి మాస్టారు నిలబడి ఉన్నారు.

"మా ఇల్లేదీ?"

"అక్కడ అడితి ఉంది కదా."

"మా నాన్న పోయాక మీ నాన్నగారు మా ఇల్లు కొని, పడగొట్టించి, అడితి పెంచారు. బొమ్మలో మీరింకా నిక్కర్లో ఉన్నారు. అప్పటికి మా నాన్న బతికే ఉన్నాడు."

మాస్టారు బొమ్మలోని నిక్కరు వైపు చూశారు.

"పోనీ, ప్యాంటు వేసేస్తాను."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. బదులు గిన్నెలు చెప్పాయి.

ప్యాంటుతోనే బొమ్మ ప్రదర్శనకు వెళ్ళింది. మాస్టారు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు. మొదట వచ్చిన ముసలాయన బొమ్మంతా వెతికి, "కాంపౌండరుగారిల్లు కనబడదేం?" అన్నాడు. తర్వాత వచ్చినావిడా అదే అడిగింది. జ్వరంతో ఆ ఇంటి మెట్ల మీద కూర్చోనివాళ్ళు ఆ వీధిలో లేరు మరి. మాస్టారు వెలుగనీ, నీడనీ ఏదో నసిగారు.

"అదిగో, వాళ్ళమ్మాయి" అని ఎవరో మాస్టారి భార్యను గుర్తుపట్టారు. ఇంకేముంది, జనమంతా బొమ్మకు వీపు పెట్టి ఆవిడ చుట్టూ చేరారు. మందుల వాసన వేసే వసారా, ఏడ్చే పిల్లల నోట్లో వాళ్ళమ్మ వేసే పంచదార... ఆవిడ చెబుతుంటే ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. సంఘం అధ్యక్షుడు మైకు తెప్పించాడు. స్టాండు విరిగిపోయిందట.

"మాస్టారూ, కాస్త పట్టుకుంటారా?"

పట్టుకున్నారు. ఆయన చెయ్యి నొప్పెట్టినా ఆవిడ ఆపలేదు.

ఇంటికి రాగానే ఆయన బ్రష్షు రంగులో ముంచారు.

"ప్రదర్శన రేపు కూడా ఉంది. పొద్దున్నే వెళ్ళి అడితి చెరిపేసి మీ ఇల్లు వేస్తాను. ఈ అట్ట మీద ముందు గీసుకుంటా. వంటిల్లు ఎటువైపు ఉండేది?"

"చెప్పను."

"ఊరందరికీ చెప్పావుగా."

"వాళ్ళు విని వెళ్ళిపోయారండీ. మీరు గీస్తే కింద మీ సంతకం ఉంటుంది. మా ఇంటిని ఒకసారి మీవాళ్ళ పేరున రాసిచ్చాం. చాలు."

మాస్టారు చేతిలో బ్రష్షు ఉందని మరిచి బుగ్గ గోక్కున్నారు. చెవిదాకా పచ్చటి చార పడింది. పాలు తెస్తానని గొణిగి, అలాగే చెప్పులేసుకుని వీధిలోకి నడిచారు.

ఆవిడ ఆ చారను చూసింది. పిలవలేదు.