మూడు నిమిషాల గుండె డాక్టరు

కొలెస్ట్రాల్ మీద చర్చకన్నా గొప్ప వరం ఈ దేశానికి మరొకటి లేదు! కాదన్నవాళ్లు నా ముందుకు రండి.

ఒకప్పుడు డాక్టరు మాత్ర రాసేవాడు, మనం మింగేవాళ్లం. ఎంత బానిస బతుకు! ఇప్పుడు మా గోదావరిఖని కాలనీలో చాయ్ హోటల్ దగ్గర నిలబడి చూడండి. ఎల్‌డీఎల్ మంచిదా చెడ్డదా, స్టాటిన్ మందా మార్కెటింగా, అన్నీ అక్కడే తేలిపోతాయి. మొన్న భైంసా నుంచి వచ్చిన పత్తి వ్యాపారి కూడా నెయ్యి తరఫున వాదించి పోయాడు. ఆస్పత్రిలో డాక్టరు రెండు నిమిషాలు దొరకడమే గగనం. ఇక్కడ రెండు గంటలు, చాయ్‌తో సహా!

ఈ సేవలో నా వంతూ ఉంది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆరోగ్య శాఖ నాదే. మా బావ సిద్దిరాములు బొగ్గుబాయిలో ముప్పైరెండేళ్లు చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, ఆదివారం మటన్‌లో కొవ్వు బంద్. మనిషి ఎంత పరేషాన్ అయ్యాడో! చూడలేక ఒక వీడియో పంపాను. కొలెస్ట్రాల్ భయమంతా ఉత్తదేనని ఒక పెద్ద డాక్టరు ఇంగ్లిషులో చెప్పాడు. ఇంగ్లిషులో చెప్పాక ఇంకేం కావాలి?

బావ మాత్రలు తీసి కిటికీలో పెట్టేశాడు.

"నువ్వు సదువుకున్నోనివి బామ్మర్దీ. నీ మాట మీదనే ఆపిన" అన్నాడు.

నా ఛాతీ ఎంత పొంగిందో!

నాలుగు నెలలకు మళ్లీ గుండెపోటు వచ్చి బావ పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. విస్తరిలో బావకు ఇష్టమైనవన్నీ వడ్డించాం, కొవ్వు ముక్కలతో సహా. కాకి ముట్టలేదు. పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోతే రాదంటారు. బావ మనసు కుదుటపడాలని చుట్టాలందరూ ఆయనకు తలా ఒక మాట ఇచ్చారు. అయినా రాలేదు.

నేను ఆ ఉదయమే వీడియో మొదటిసారి చివరిదాకా చూశాను. పద్దెనిమిదో నిమిషంలో ఆ డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఈ చర్చంతా గుండెజబ్బు రానివాళ్ల గురించేనట, స్టెంట్ పడ్డవాళ్లు మాత్ర ఆపనే కూడదట! నేను చూసి పంపింది మూడు నిమిషాలే. ముఖ్యమైన మాట ముందే చెప్పొద్దా ఆయన?

మా అక్క ఐలవ్వకు ఈ సంగతి దాచలేక ఆ విస్తరి దగ్గరే చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అందరు మాటిచ్చిరి. నువ్వూ ఒకటియ్యి తమ్మీ" అంది. "పూర్తిగ సూడకుంట ఇంకెవ్వలకు పంపనని మీ బావకు చెప్పు."

విస్తరి వైపు తిరిగి బావకు చెప్పాను. కాకి వచ్చింది. ముందు కొవ్వు ముక్కనే ఎత్తుకుపోయింది.