అన్నం మానేసిన మిల్లు సేటు

మంగ చేటలో బియ్యం చెరుగుతోంది. సొంత మిల్లు బియ్యమే అయినా రాళ్లు ఏరనిదే ఆమె పొయ్యి వెలిగించదు. భర్త సీతారామయ్య వచ్చి చేట వైపు పామును చూసినట్టు చూశాడు.

"నాకు ఒక్క గింజ కూడ పొయ్యకు. అన్నమంటే తెల్ల విషమట. ఫోన్ల వీడియోల ఒకాయన గంటసేపు చెప్పిండు. ఇయ్యాల్టి సంది నాకు నెయ్యి, పన్నీరే."

"బియ్యం అమ్ముకునేటోడు అనే మాటేనా ఇది?" అంది మంగ.

షుగరు వచ్చి తన తండ్రికి కాలు తీసేసినప్పటి నుంచి సీతారామయ్యకు ఆ రోగమంటే వణుకు. పోషకాహారం చదువుతున్న కూతురు అక్షితకు ఆ సంగతి తెలుసు.

"విషం కాదు నాన్నా. అన్నం జర తగ్గించి పప్పు, కూర ఎక్కువ తిను. గిన్నెలకు గిన్నెలు నెయ్యి తాగితే గుండె ఖతమైతది."

"గంత సులువైతే ఆయన గంటసేపు ఎందుకు చెప్తడు?"

మధ్యాహ్నం మిర్యాలగూడ మిల్లులో సేటు క్యారియర్ విప్పితే హన్మా అనే హమాలీ చూశాడు. అన్నం లేదు. టీకొట్టు దగ్గర ఆ మాట మామూలుగానే అన్నాడు. సాయంత్రానికి అది "సేటు తన బియ్యం తనే ముట్టుకుంటలేడట" అయింది. చీకటి పడేసరికి "పాలిష్‌ల ఏందో మందు కలిపిండ్రట" అయింది. సూర్యాపేట దుకాణదారుడు ఫోన్ చేసి లోడు వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు గానీ, పుకారు అప్పటికే సీతారామయ్య చెవిన పడింది. ఆ వెంటనే కోదాడ నుంచి గోవర్ధన్ ఫోన్. మిల్లు బియ్యంలో సగం కొనేది అతనే.

"రేపు మీ ఇంట్లోనే భోంచేస్తానన్నయ్యా. మీతో ఒక విషయం మాట్లాడాలి."

ఆ లోడు కూడా ఆగితే మిల్లుకు తాళమే. సీతారామయ్యకు నిద్ర పట్టలేదు.

మరునాడు భోజనాల దగ్గర గోవర్ధన్ చూపంతా సీతారామయ్య కంచం మీదే ఉంది. తన కంచంలోని అన్నాన్ని మాత్రం అతను వేలితో కూడా తాకలేదు. సీతారామయ్య తన కంచం ముందుకు జరిపాడు.

"ఇంకింత వెయ్యి," అన్నాడు భార్యతో. పప్పుతో తిన్నాడు. చారుతో తిన్నాడు. "మా బియ్యం సూడు తమ్మీ, మల్లెపూలే!" అంటూ పెరుగుతో తిన్నాడు. ప్రతి ముద్దకూ తండ్రి కాలు గుర్తొస్తోంది. గోవర్ధన్ చూపు మరలడం లేదు. మళ్లీ పెట్టించుకున్నాడు.

"సాలు నాన్నా!" అంది అక్షిత భయంగా. అతను వినిపించుకోలేదు.

అన్నం గిన్నె ఖాళీ అయ్యాక గోవర్ధన్ గొంతు తగ్గించాడు. "లోడు ఎప్పటిలాగే పంపండి. ఆ పుకార్లు నేను నమ్మను. నాకూ షుగరు వచ్చిందన్నయ్యా. మీరు అన్నం మానేశారని విని, ఎలా మానాలో అడుగుదామని వచ్చాను..."

ఖాళీ గిన్నె చూసి అతను అక్కడే ఆగిపోయాడు.

అక్షిత గోవర్ధన్ కంచంలో అన్నం చాలావరకు తీసేసి, కూర, పప్పు నిండుగా వడ్డించింది.

సీతారామయ్య గోడ పట్టుకుని లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో వాకింగుకు వెళ్లిపోయాడు.