కెప్టెన్ సుడిగుండం బలహీనతలు

అద్దాలరావు నాలుగు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తన కళ్ళజోళ్ళ దుకాణంలో ఒకావిడ అద్దాలు తీసి ఒకాయన ఫ్రేములో బిగించాడు. ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య నడిచి నడిచి తివాచీ అంచు అరగదీశాడు. ఇంతకీ కారణం ఒక సముద్రపు దొంగ.

ఆ దొంగ ఇంకా పుట్టలేదు. పుట్టించే పనిలోనే ఉన్నాడు ఆయన.

ప్రతి ఆదివారం పళ్ళ డాక్టరు, లిఫ్టు మెకానిక్కు, దర్జీ, అద్దాలరావు బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. డాక్టరు కథ నడిపిస్తాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్రను తయారుచేసుకొచ్చి, ఆ పాత్రలా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథలో బతుకుతారు. అద్దాలరావు మాత్రం బతకడు. ఏడాదిగా ఆయన తెచ్చిన ప్రతి వీరుడూ మొదటి పావుగంటలోనే పోయాడు. ఒకడు బావిలో పడ్డాడు. ఇంకొకడు సొంత గుర్రం కిందే పడ్డాడు. స్నేహితులు ఆయన్ని ‘పావుగంట’ అని పిలవడం మొదలుపెట్టారు. పైకి నవ్వేవాడు గానీ, ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది.

అందుకే ఈసారి కెప్టెన్ సుడిగుండం. ఒక కంటికి నల్లగుడ్డ, చేతిలో వంకకత్తి, తాడు పట్టుకుని ఓడ నుంచి ఓడకు ఊగుతూ దూకే మొనగాడు.

“కళ్ళజోళ్ళు అమ్ముకునేవాళ్ళు ఒంటికన్నువాణ్ణి చేస్తారేమండీ? సగం బేరం పోదూ?” అంది భార్య బట్టలు మడతపెడుతూ.

“వెక్కిరించకు. నాకో సాయం చెయ్యాలి నువ్వు.”

ఆటలో ఒక సూత్రం ఉంది. పాత్రకు ఒక బలహీనత రాసుకుంటే, బదులుగా ఒక బలం ఇస్తారు. అద్దాలరావు ఎత్తు ఏమిటంటే, సముద్రం మీద ఎన్నడూ అడ్డురాని బలహీనతలు బోలెడు రాసేసి, బోలెడు బలాలు కొట్టేయడం. ఎత్తు బాగానే ఉంది. కానీ గంటసేపు జుట్టు పీక్కున్నా సుడిగుండంలో ఆయనకు ఒక్క లోపమూ కనపడలేదు.

“ఓస్, అంతేనా? రాసుకోండి,” అంది భార్య. “బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాడు.”

“భేష్! నడిసముద్రంలో బల్లి ఎక్కడినుంచి వస్తుంది?”

“తప్పిపోయినా సరే, దారి అడగడు. ఎవరైనా పొగిడితే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు. కళ్ళెదుట ఉన్న వస్తువు కనపడదు. భోజనం పది నిమిషాలు ఆలస్యమైతే చంటిపిల్లాడైపోతాడు.”

ఆవిడ చెబుతూనే ఉంది. ఈయన రాస్తూనే ఉన్నాడు. పదకొండో దాని దగ్గర కలం ఆగింది.

“నీకింత చకచకా ఎలా తడుతున్నాయే?”

“నీటి సరఫరా ఆఫీసులో నా పని ఫిర్యాదులు రాసుకోవడమే కదండీ. అలవాటైపోయింది.”

ఆ జవాబుతో ఆయన తృప్తిపడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట అద్దాలరావు ఇంట్లోనే. పదకొండు బలాలతో సుడిగుండం ధగధగలాడిపోతున్నాడు. అంతలో దర్జీ ఫోన్ చేశాడు, అత్తగారు వచ్చారు, రాలేనని.

“మనిషి తగ్గితే ఎలా?” అన్నాడు పళ్ళ డాక్టరు. అప్పుడే టీ తెచ్చింది అద్దాలరావు భార్య. డాక్టరు ఆవిడ కేసి చూశాడు. “చెల్లెమ్మా, మీరు కూర్చోండి. వీళ్ళు దోచుకోవాల్సిన సరుకు ఓడ ఒకటుంది. దానికి కెప్టెన్ మీరు.”

“పాపం, దానికి ఈ ఆట తెలీదు,” అన్నాడు అద్దాలరావు జాలిగా. లోపల మాత్రం లడ్డూ దొరికినంత సంబరపడ్డాడు.

సుడిగుండం తాడు పట్టి ఊగి, కత్తి దూసి, సరుకు ఓడ మీదికి దూకాడు. పాచికలు ఆరుకి ఆరు పడ్డాయి.

“అబ్బ, ఏం దూకుడండీ!” అంది సరుకు ఓడ కెప్టెన్. “ఇంత ఒడుపున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. మీలాంటివారు వచ్చినట్టు గుర్తుగా ఈ కాగితం మీద చిన్న సంతకం పెట్టరూ?”

డాక్టరు బలహీనతల జాబితా తిరగేశాడు. “పొగిడితే సంతకం పెట్టేస్తాడు, అని నువ్వే రాశావు. పెట్టాల్సిందే.”

“ఏముంది ఆ కాగితంలో?”

“మీ ఓడ నాకు ఇచ్చేస్తున్నట్టు ఉందండీ. కళ్ళెదుటే రాసుంది. మీకు కనపడదు.”

అద్దాలరావు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. “నా మనుషులు ఊరుకోరు! ఏరా, ఏం చూస్తున్నావ్, పట్టుకో ఆవిణ్ణి!”

లిఫ్టు మెకానిక్కు ఆటలో ఆయన కుడిభుజం. సరుకు ఓడ కెప్టెన్ అతని వైపు తిరిగింది. “మీరు భోంచేశారా, తమ్ముడూ?”

“ఎక్కడక్కా! దాడికి వచ్చే హడావిడిలో కెప్టెన్ ఎవరికీ పెట్టలేదు.” ఆ మాటతో కుడిభుజం అవతలి ఓడ వంటగదిలోకి నడిచింది.

“సుడి తిరిగిపోయింది, ఇక గుండమే మిగిలింది,” అన్నాడు డాక్టరు.

“ఓడ పోతే పోయింది! సరుకైనా దోస్తాను! ఆ పెట్టెలు పగలగొడుతున్నా!”

“మెల్లిగా పగలగొట్టండి. మందుల కోసం పట్టించిన బల్లులున్నాయి వాటిలో.”

మరుక్షణం అద్దాలరావు రెండు కాళ్ళూ కుర్చీ మీద ఉన్నాయి. సుడిగుండంవి కావు, ఆయన సొంత కాళ్ళు.

డాక్టరు ఆ కాళ్ళ వైపు చూశాడు, జాబితా చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు. తర్వాత బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి నవ్వాడు. అద్దాలరావు కాగితం లాక్కుని మొదటిసారి నిదానంగా చదువుకున్నాడు. పదకొండూ చదివేసరికి మొహం తేలుకుట్టిన దొంగ మొహమైంది. దొంగ పాత్ర మాత్రం అప్పుడే సరిగ్గా కుదిరింది.

సుడిగుండం చావలేదు. తెరచాప స్తంభం ఎక్కి, దిగే దారి అడగలేక, ఆట ముగిసేదాకా పైనే ఉన్నాడు. కింద ఆవిడ రెండు ఓడలనూ నడిపించుకుంటూ మూడు దీవులు గెలిచింది.

ఆ రాత్రి “నీకేమైనా కోపముందా నా మీద?” అని అడిగాడాయన.

“కోపమెందుకండీ? లోపాలన్నీ కంఠతా వచ్చేదాకా కాపురం చేశాను కదా,” అని ఆవిడ దిండు సర్దింది. ఆ మాట మెచ్చుకోలో, మొట్టికాయో తేల్చుకోలేక ఆయన చాలాసేపు అటూ ఇటూ దొర్లాడు.

బుధవారం డాక్టరు నుంచి ఫోన్ వచ్చింది.

“ఈ ఆదివారం ఆట మా ఇంట్లో. చెల్లెమ్మ వస్తుంది కదా?”

“ఆఁ, వస్తాం.”

“నువ్వూనా? సరే, రా. కుర్చీ ఒకటి ఎక్కువ వేయిస్తాలే.”